రెండు పుస్తకాల్లో ఒకే పేరు

చెన్నై సెంట్రల్ పక్కనున్న మూర్‌మార్కెట్ స్టేషన్‌లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కితే నగరం ఒక్కసారిగా అయిపోదు, కొంచెం కొంచెంగా అరుగుతూ పోతుంది. కొరుక్కుపేట గోదాములు, తిరువొత్తియూరు ఇరుకు మేడలు, ఎన్నూరు పొగగొట్టాలు, అత్తిపట్టు కరెంటు తీగలు, మీంజూరు. పొన్నేరి దాటాక గానీ పొలం కనిపించదు. గుమ్మిడిపూండి దాకా దాదాపు 45 కిలోమీటర్లు. అక్కడ దిగకుండా సూళ్ళూరుపేట పోయే బండిలోనే కూర్చుంటే ఆరంబాక్కం, ఆ తర్వాత ఆంధ్ర సరిహద్దు దాటి తడ. తడలో స్టేషన్ బోర్డు మీద తెలుగు పైకొస్తుంది, టీకొట్టు వాడి పలకరింపు మారుతుంది. చెరువుగట్టు మీద, కాలవ ఒడ్డున, సరుగుడు తోటల అంచున కనిపించే గుడిసెలు మాత్రం మారవు. సరిహద్దుకు అటు ఉంటే ఇరుళర్లు, ఇటు ఉంటే యానాదులు. ఇద్దరికీ నీళ్ళు తెలుసు, పాములు తెలుసు, ఎలుక కన్నాలు తెలుసు. ఇద్దరి పిల్లల పేర్లూ బడి రిజిస్టర్‌లో ఉంటాయి. పిల్లలే ఉండరు.

చెన్నైలో ఇల్లు కట్టుకున్నవాళ్ళకు ఈ గుడిసెలతో ఏదో ఒక చుట్టరికం ఉంటుంది. గోడలోని ఇటుక తిరువళ్ళూరు జిల్లా బట్టీలో కాలి ఉంటుంది. పళ్ళెంలోని ఉప్పుడు బియ్యం రెడ్‌హిల్స్ మిల్లుల కళ్ళాల మీద ఆరి ఉంటుంది. ఆ ఇటుక కోసిన చేతులు, ఆ వడ్లు తిరగేసిన కాళ్ళు ఎవరివి అని అడిగితే జవాబుల్లో ఇరుళర్ల పేరు తప్పకుండా వస్తుంది.

ఇరుళర్లూ యానాదులూ గిరిజనులే. కానీ గిరిజనులు అనగానే మనకు కొండ గుర్తొస్తుంది. ప్రభుత్వాలకూ అంతే. తమిళనాడు గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలు ఎక్కువగా ఏర్కాడు, కొల్లి, జవ్వాది, కల్వరాయన్, నీలగిరి కొండల మీదే వెలిశాయి. మైదానంలో, అందులోనూ ఒక మహానగరం పొలిమేరలో, పదిళ్ళొకచోట ఆరిళ్ళొకచోట విసిరేసినట్టు బతికే తెగకు ఏ కొండ మీద బడి కడతారు? 2011 జనగణనలో తమిళనాడు షెడ్యూల్డు తెగల జనాభా దాదాపు 7 లక్షల 95 వేలు, అందులో ఇరుళర్లు 1 లక్షా 89 వేల పైచిలుకు. రాష్ట్రం మొత్తం అక్షరాస్యత 80 శాతం, తెగలది 54. రాష్ట్రంలో అత్యంత వెనుకబడినవిగా కేంద్రం గుర్తించిన ఆరు తెగల జాబితాలో తోడాలు, కోటల సరసన ఇరుళర్ల పేరు కూడా ఉంది. ఆంధ్రలో యానాదుల సంగతీ ఇంచుమించు ఇదే. వాళ్ళ కోసం నెల్లూరులో ప్రత్యేకంగా ఒక ఐటీడీఏ పెట్టాల్సి వచ్చింది.

ఎగ్మూరు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో ఇరుళర్లూ యానాదులూ ఇద్దరూ ఉన్నారు. మనుషుల తలలు, ముక్కులు కొలిచిన కాలం అది. మ్యూజియం పుస్తకాల్లో ఎక్కినంత తేలిగ్గా ఈ తెగలు బడి పుస్తకాల్లో నిలవలేకపోయాయి.

ఎందుకు నిలవలేదన్నదానికి తాగుడు, బద్ధకం, చదువు విలువ తెలియకపోవడం అని గబగబా జవాబు చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతారు. జరిగిన కథ వేరు. చెన్నై చుట్టుపక్కల ఇరుళర్లలో చాలామందికి పాములు పట్టడం, తోళ్ళు అమ్మడం బతుకుదెరువుగా ఉండేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తర్వాత పాముతోళ్ళ ఎగుమతి కూడా ఆగిపోయింది. పాముల్ని కాపాడడం మంచిదే, కానీ ఆ తోళ్ళతో గంజి తాగినవాళ్ళ గురించి చట్టంలో ఒక్క వాక్యమూ లేదు. రొమ్యులస్ విటేకర్ లాంటి వాళ్ళ చొరవతో 1978లో ఇరుళర్ల పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పుట్టింది. మామల్లపురం దారిలో వడనెమ్మేలిలో ఉంది. పామును చంపకుండా విషం తీసి మళ్ళీ వదిలేస్తారు. దేశంలో పాముకాటు మందు తయారీకి వాడే విషంలో పెద్ద వాటా ఇక్కడిదే. ఈ సంఘంలోని వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అయితే సంఘం ఆదుకోగలిగింది కొన్ని వందల కుటుంబాలనే. మిగిలినవాళ్ళు చేతనైన పని వదిలి, ఎవరు అడ్వాన్సు ఇస్తే వాళ్ళ వెంట నడిచారు. రైస్ మిల్లు, ఇటుక బట్టీ, సరుగుడు కొట్టడం, బొగ్గు కాల్చడం.

ఈ కథంతా ఆ అడ్వాన్సు చుట్టూనే తిరుగుతుంది. పెళ్ళికో, చావుకో, ఆస్పత్రికో మేస్త్రీ దగ్గర కొన్ని వేలు తీసుకుంటారు. అది తీరేదాకా కుటుంబం మొత్తం ఆ పనిచోటే ఉండాలి. లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం చదవగలిగినవాళ్ళు ఇంట్లో ఉండరు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976 నాటిది. 2019 జులైలో కాంచీపురం దగ్గర కోనేరికుప్పంలోనూ, అప్పటి వేలూరు జిల్లాలోనూ కట్టెలు కొట్టే చోట్ల నుంచి 42 మందిని అధికారులు విడిపించారు. ఒక ముసలాయన తహసీల్దారు కాళ్ళ మీద పడిపోయిన ఫొటో ఆ వారం దేశమంతా తిరిగింది. ఎక్కడో మారుమూల జరిగింది కాదది. చెన్నై నుంచి రెండు గంటల ప్రయాణం.

అంటే ఇలాంటి ఇంటి పిల్లవాడి పేరు రెండు పుస్తకాల్లో ఉంటుందన్నమాట. ఒకటి టీచరమ్మ పిలిచే హాజరు పట్టీ, రెండోది తండ్రి అప్పు రాసుకున్న మేస్త్రీ పుస్తకం. మొదటిదానిలో పేరు కొట్టేస్తే ఎవరూ ఇంటికొచ్చి కొట్టరు. రెండోది అలా కాదు.

ఇక కాలెండర్ చేసే అన్యాయం చూడండి. బట్టీ పని ఎండను బట్టి నడుస్తుంది. చెన్నై ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వానలు తగ్గి, పొంగల్ దగ్గరపడేసరికి బట్టీలు మొదలై ఎండాకాలమంతా నడుస్తాయి. బడికి పరీక్షలు మార్చి, ఏప్రిల్‌లో. అంటే పాఠాలు ముదిరే వేళకు పిల్లవాడు తల్లిదండ్రులతో బట్టీ దగ్గర ఉంటాడు, పచ్చి ఇటుకలు తిరగేస్తూనో, చంటి చెల్లెలిని ఎత్తుకునో. జూన్‌లో బడి తెరిచేసరికి కూడా చాలా బట్టీలు ఆరవు. పని ఉండక, గుడిసె దగ్గరే ఉండి, బడికి నిక్కచ్చిగా వెళ్ళగలిగిన నెలలు ఏవయ్యా అంటే ఆ వానల నెలలే. తుఫాను హెచ్చరిక వస్తే కలెక్టరుగారు బడులకు సెలవు ప్రకటించేది కూడా అప్పుడే. గుడిసెలో మోకాలి లోతు నీళ్ళొస్తే ఆ కుటుంబం తలదాచుకునేది మళ్ళీ ఆ బడి గదుల్లోనే. ఆ వారం రోజులూ బడిలోనే పడుకున్నా హాజరు మాత్రం పడదు.

తమిళనాడు బడుల్లో ఇప్పుడు హాజరు ఫోన్‌లోకి ఎక్కింది. ఎమిస్ అని పిలిచే కంప్యూటర్ వ్యవస్థలో ప్రతి విద్యార్థికీ ఒక నంబరు ఉంటుంది. బడి వదిలి, వేరే బడిలో చేరని పిల్లల పేర్లు ‘కామన్ పూల్’లో పడతాయి. టీచర్లు ఆ పూల్ చూసి వెతకాలి. పద్ధతి మంచిదే. కానీ జనవరిలో ఊత్తుకోట వైపు పోయి, మార్చిలో శ్రీపెరుంబుదూరు దగ్గర తేలి, జూన్‌లో మళ్ళీ పొన్నేరి చేరే కుటుంబం ఏ చిరునామాకు దొరుకుతుంది? పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే కూలీల పిల్లల విషయంలో తిరువళ్ళూరు జిల్లా ఒక పని చేసి చూపించింది. ఒడిశా నుంచి వచ్చిన పిల్లల కోసం బట్టీల దగ్గరే తరగతులు పెట్టి, ఒడియా వాచకాలు తెప్పించింది. పని చోటుకే బడి రాగలదని అలా తేలింది. సొంత జిల్లా ఇరుళర్ పిల్లలకు మాత్రం ‘నీ బడి మీ ఊళ్ళో ఉంది కదా’ అన్న జవాబు సులువుగా దొరుకుతుంది.

అసలు చిక్కు ఇంకో కాగితం దగ్గర ఉంది. విద్యా హక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లవాణ్ణీ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. అందువల్ల ఒకటో తరగతిలో గొడవ లేదు. స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీటు, పై చదువులో రిజర్వేషన్ దగ్గరికి వచ్చేసరికి ఎస్టీ సర్టిఫికెట్ కావాలి. తమిళనాడులో 1989 నవంబరు 11 దాకా తహసీల్దారు ఇచ్చేవాడు. దొంగ సర్టిఫికెట్లు పెరిగాయని ఆ అధికారం ఆర్డీవోకు పోయింది. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు తనిఖీ కమిటీలు వేయాలంది. ఇవన్నీ అవసరమైన కట్టుదిట్టాలే, కాదనను. చదువుకున్నవాళ్ళు దొంగ కాగితాలు పుట్టించినందుకు చదువు రానివాళ్ళు సాక్ష్యాలు మోయాల్సి రావడమే కడుపు మండే విషయం. తండ్రి సర్టిఫికెట్ తెమ్మంటారు. తండ్రి బడి మొహం చూసి ఉంటే కదా. ఇంటి పట్టా తెమ్మంటారు. ఇల్లు చెరువు పోరంబోకులో ఉంది. ఆర్డీవో ఆఫీసుకు ఒకసారి వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు పైన. మేస్త్రీ వదలడు.

పదేళ్ళ పిల్లవాడికి ఈ కాగితం గోల తెలియదు అనుకుంటాం. తెలుస్తుంది. ప్లస్ టూ గట్టెక్కిన పక్కింటి అన్న సర్టిఫికెట్ రాక కాలేజీలో చేరలేక, మళ్ళీ అదే బట్టీలో కనిపిస్తే అందులో పాఠం ఏమిటో ఏ టీచరూ చెప్పనక్కర్లేదు. పైతరగతుల్లో చదువు మానేయడానికి మూలం చాలాసార్లు అన్నల జీవితంలో ఉంటుంది.

సరిహద్దు దగ్గర ఈ కాగితం ఇంకా వింత వేషాలు వేస్తుంది. తెగల జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. యానాదులు ఆంధ్రలో ఎస్టీలు. తమిళనాడు జాబితాలోని 37 పేర్లలో యానాది లేదు. కొండకాపు, కొండరెడ్డి ఉన్నాయి గానీ, గుమ్మిడిపూండి పొలాల్లో రోజూ కనిపించే యానాదికి చోటు లేదు. పులికాట్ సరస్సుకు గీత గీసి ఇటు చేప ఆంధ్ర, అటు చేప తమిళనాడు అన్నట్టుంది వ్యవహారం. తడ నుంచి పనికోసం ఆరంబాక్కం వచ్చి స్థిరపడ్డ కుటుంబం అయిదారు కిలోమీటర్లలో తెగను పోగొట్టుకుంటుంది. పోనీ ఇది ఎవరూ పట్టించుకోని సంగతా అంటే, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మన తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు మెడికల్ సీటు కేసులో 1990లో కోర్టు తేల్చి చెప్పింది: ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్టీ హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదు.

నరికురవర్ల కథ దీనికి తోడు. మనం నక్కలోళ్ళు, పిట్టలోళ్ళు అంటాం. పూసల దండలు, సూదులు అమ్ముతూ సెంట్రల్ స్టేషన్ ముందూ, గుళ్ళ దగ్గరా కనిపిస్తారు. వీళ్ళను ఎస్టీల్లో చేర్చాలని లోకూర్ కమిటీ 1965లోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో ‘నక్కల, కుర్వికరన్’ 2003లో చేరింది. తమిళనాడు జాబితాలో చేర్చే బిల్లుకు పార్లమెంటు 2022 డిసెంబరులో ఒప్పుకుంది. ఒకే జనం, ఒకే భాష, మధ్యలో ఇరవై ఏళ్ళ తేడా. ఆ ఇరవై ఏళ్ళలో బడి ఈడు దాటిపోయిన పిల్లలకు ఏ చట్టమూ వెనక్కి వెళ్ళి స్కాలర్‌షిప్పు ఇవ్వదు.

ఇంతకీ ఏమీ జరగలేదా అంటే, చాలా జరిగింది. 2021 నవంబరులో ‘జై భీమ్’ సినిమా వచ్చాక ఇరుళర్ అన్న మాట చెన్నై మధ్యతరగతి డ్రాయింగ్ రూముల్లోకి వచ్చింది. నటుడు సూర్య ఇరుళర్ల ట్రస్టుకు కోటి రూపాయలిచ్చాడు. అదే నెల దీపావళి రోజున ముఖ్యమంత్రి స్టాలిన్ మామల్లపురం దగ్గర పూంజేరికి వెళ్ళి ఇరుళర్, నరికురవర్ కుటుంబాలకు పట్టాలు, సర్టిఫికెట్లు పంచారు. ఆఫీసు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగినా రాని కాగితం ఒక పొద్దున గుమ్మంలోకి నడిచొచ్చిందంటే, అడ్డు ఏనాడూ చట్టంలో లేదన్నమాటే కదా! సినిమాకు చాలా ముందునుంచే, 90ల నుంచీ, దిండివనంలో ప్రొఫెసర్ కల్యాణి లాంటివాళ్ళు ఇరుళర్ల కేసులు, సర్టిఫికెట్లు, పిల్లల చదువు భుజాన వేసుకుని తిరుగుతున్నారు. కెమెరాలు ఆలస్యంగా వచ్చాయి.

తిండి సంగతి ఈ నగరానికి ఒకరు నేర్పాల్సిన పని లేదు. దేశంలో బడిలో అన్నం పెట్టే ఆలోచనకు పుట్టిల్లు మద్రాసే. 1920లో, తెలుగు దేవాంగుల బిడ్డ పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా, థౌజండ్‌లైట్స్ కార్పొరేషన్ బడి పిల్లలకు రోజుకు ఒక్కొక్కరికి అణా మించకుండా టిఫిన్ పెట్టాలని తీర్మానించారు. పిల్లలు పేదవాళ్ళు, అందుకే హాజరు పడిపోతోందన్నదే అప్పుడు చెప్పిన కారణం. నూరేళ్ళ తర్వాత, 2022 సెప్టెంబరులో, ముఖ్యమంత్రి ఉదయపు అల్పాహార పథకం వచ్చింది. పొద్దున్నే కూలికి పోయే ఇరుళర్ తల్లికి ఈ ఉప్మా, పొంగల్ విలువ ఏ అర్థశాస్త్రవేత్త కన్నా బాగా తెలుసు. అయితే అది 1 నుంచి 5వ తరగతి దాకానే. ఆరో తరగతికి బడి మారుతుంది, దూరం పెరుగుతుంది, పొద్దుటి టిఫిన్ ఆగిపోతుంది. సరిగ్గా అక్కడే పేర్లు రాలిపోతాయి. ప్రభుత్వం ఉచిత సైకిలు ఇస్తుంది, 11వ తరగతిలో. అక్కడిదాకా నడిచొచ్చిన పిల్లలకు సైకిలు అవసరం సగం తీరిపోయి ఉంటుంది.

సెలవుల పట్టిక గురించి కూడా ఒక మాట. మాసి నెల పౌర్ణమికి, ఫిబ్రవరి మార్చి మధ్య, మామల్లపురం సముద్రపు ఒడ్డు ఇరుళర్లతో నిండిపోతుంది. ఎక్కడెక్కడి బట్టీల నుంచో, మిల్లుల నుంచో వస్తారు. చీరలు కట్టి గుడారాలు వేసుకుంటారు. కన్నియమ్మ సముద్రం మీంచి వస్తుందని నమ్మకం. రాత్రంతా పాటలు, పూనకాలు, తెల్లవారుజామున అలల ముందే పెళ్ళిళ్ళు. సంబంధాలు కుదిరేదీ అక్కడే. ఏడాదంతా చెల్లాచెదురైన జాతి ఒక్కచోట కనిపించే రోజులవి. ఆ రోజుల్లో రిజిస్టర్‌లో ఆ పిల్లల పేర్ల ఎదురుగా గైర్హాజరు పడుతుంది. చెంగల్పట్టు జిల్లాలో ఒక రెండు రోజులు స్థానిక సెలవు ఇస్తే ఎవరి సిలబస్ కొంప మునుగుతుంది? సర్టిఫికెట్ శిబిరం, బడి చేరికల బల్ల ఆ ఒడ్డునే వేస్తే ఆర్డీవోకు అంత మంది ఇరుళర్లు ఒక్కచోట మళ్ళీ దొరకరు.

ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల గైర్హాజరు మీద 2014లో పెద్ద ఎత్తున ప్రయత్నం జరిగింది. మారుమూల ఆదివాసీ వాడల్లో పసుపు చొక్కాలేసుకున్న హాజరు అధికారులు పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడికి తెచ్చేవారు. ఆదివాసీ, ఇతర పిల్లల హాజరు మధ్య తేడా అయిదేళ్ళలో తీరిపోవాలని లక్ష్యం పెట్టుకున్నారు. తీరలేదు. ఇంటికెళ్ళి లేపుకొస్తే బడికొచ్చే పిల్లలు ఉంటారు, నిజమే. ఇల్లే అక్కడ లేనప్పుడు తలుపు కొట్టి ఏం లాభం?

నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా ఈ విషయంలో మనకు దగ్గరి పాఠం. ఎం.వి. ఫౌండేషన్ తరఫున రంగారెడ్డి జిల్లాలో 90ల నుంచి వెట్టిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చేర్చి, కొన్ని నెలలు చదివించి, ఈడుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. 2003లో మెగసెసే అవార్డు ఆ పనికే. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ళు పట్టిన పట్టు. పేద తల్లిదండ్రులకు చదువు మీద కోరిక ఉంది, అడ్డంకి వేరేచోట ఉందన్నది ఆ పట్టు వెనకున్న నమ్మకం. పాలమూరు వలసల ఊళ్ళలో, అమ్మానాన్నా పనికెళ్ళిన నెలల్లో పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్ళు నడిచాయి. పొన్నేరి, ఊత్తుకోట, తిరుప్పోరూరు చుట్టుపక్కల జనవరి నుంచి జూన్ దాకా అలాంటివే కావాలి.

హాస్టల్ మాట వచ్చింది కాబట్టి ఒక అనుమానం చెప్పాలి. ఆదివాసీ పిల్లల్ని ఇంటికి దూరంగా పెట్టి చదివించిన కెనడా ఎంత గాయం చేసిందో అక్కడి సత్యశోధన కమిషన్ 2015లో తేల్చింది. అక్కడ పిల్లల భాష, పేరు ఊడపెరకడమే ఉద్దేశం. ఇక్కడ ఉద్దేశం అది కాదు. అయినా ఆరేళ్ళ పిల్లను హాస్టల్లో పెట్టడం నాకు మింగుడు పడదు. పన్నెండేళ్ళ పిల్ల విషయం వేరు. ఇంట్లో ఉంటే మాసి పౌర్ణమికి పెళ్ళి కుదిరిపోయే వయసు అది. వండలూరు దాటాక కుమిళిలో ఉన్న ఏకలవ్య ఆదర్శ గురుకులం లాంటిది అప్పుడు నిజంగా ప్రాణం కాపాడుతుంది. 2025లో కల్వరాయన్ కొండల్లోని కరుమందురై ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో చదివిన మలయాళీ తెగ అమ్మాయి ఐఐటీ మద్రాసులో సీటు తెచ్చుకుంది. ఆ ఐఐటీ గేటుకు గంట, గంటన్నర దూరంలో ఉన్న ఇరుళర్ పేటల్లో పదో తరగతి దాటిన పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టే వాడలు ఇంకా ఉన్నాయి.

పథకాలు తక్కువేం కాదు, కానీ అవన్నీ బడి గేటు దగ్గర మొదలవుతాయి. విద్యాశాఖ హాజరు చూస్తుంది, రెవెన్యూ శాఖ సర్టిఫికెట్, కార్మిక శాఖ వెట్టి. ముగ్గురి ఫైళ్ళలో ఉన్నది ఒకే పిల్లవాడని ఏ ఫైలూ చెప్పదు. జనవరిలో ఒకే పేట నుంచి ఏడెనిమిది మంది ఒక్కసారి గైర్హాజరైతే అది అడ్వాన్సు పడిందన్న కబురు. ఆ కబురు హెడ్‌మాస్టరు దగ్గరి నుంచి వారంలోగా సబ్ కలెక్టరుకు వెళ్ళే దారి ఉండాలి. బట్టీల తనిఖీలు ఎండలు ముదిరాక మొదలుపెడితే అప్పటికే కుటుంబం అప్పులో దిగిపోయి ఉంటుంది. అడ్వాన్సు చేతులు మారేది దీపావళికీ పొంగల్‌కీ మధ్య, వానలు పడి పొయ్యి వెలగని రోజుల్లో. అధికారులు ఆ గట్ల మీద తిరగాల్సింది అప్పుడు.